సర్వర్లో ఇంకో మనిషి

చింతామణిలో పట్టాభిరామ విత్తనాల అంగడిలో బిల్లు కొట్టించుకోవడం కొన్నాళ్ళుగా ఓపికకు పరీక్షగా మారింది. గల్లా దగ్గర రూప మీట నొక్కి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ రోజు బట్లహళ్ళి నుంచి టమాటా విత్తనాలకు వచ్చిన లక్ష్మణప్ప విసిగిపోయాడు.

"నా బస్సు పోతాదమ్మా. చేత్తో రాసీ, సాలు."

లోపలి గదిలో ఉన్న స్మితకు ఆ మాట చురుక్కుమంది. ఆమె పట్టాభిరామ కోడలు; అంగడి కంప్యూటర్లన్నీ ఆమే చూసుకుంటుంది. అక్కడ ఉన్నది ఒకటే సర్వర్. దాని లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన రెండు కంప్యూటర్లు, అంటే వర్చువల్ మిషన్లు, ఒకే ఇంట్లో రెండు కాపురాల్లా, ఒకటి బిల్లులకు, ఇంకొకటి గోదాము సరుకుకు.

కేబుళ్ళు మార్చి చూసింది. స్విచ్ ఆపి మళ్ళీ వేసింది. ఒక పెద్ద ఫైలును సర్వర్ నుంచి నేరుగా రూప కంప్యూటర్‌కు పంపితే కళ్ళు మూసి తెరిచేలోగా చేరింది. అదే ఫైలు బిల్లుల మిషన్ లోంచి పంపితే నత్తనడక. అంటే తీగల్లో ఏ తప్పూ లేదు. ఉన్నదేదో లోపలే ఉంది.

"లోపల ఎవడో కూచున్యాడు. ఎవడో నేను చెప్పల్లనా?" అన్నాడు పట్టాభిరామ. "వాడు పోయినప్పటినుంచే కదా ఈ పీడ!"

వాడంటే చేతన్, ఆయన తమ్ముడి కొడుకు. ఈ సర్వర్ అమర్చింది అతనే. మొన్న వానాకాలంలో బాగేపల్లిలో సొంతంగా కంప్యూటర్ అంగడి పెట్టుకుంటానని వెళ్ళిపోయాడు. పెద్దనాయనకు ఆ సంగతి ఇప్పటికీ గొంతు దిగలేదు.

స్మితకు మొదట నమ్మబుద్ధి కాలేదు. చేతన్ అలాంటివాడు కాడు. కానీ మధ్యాహ్నం బిల్లుల మిషన్లో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో తెరిచి చూస్తే రూప పేరు, తన పేరు, వాటి కింద చేతన్ పేరు! మర్నాడూ భోజనాల వేళకు అదే పేరు వచ్చింది. మన ధరలు పోటీ అంగడికి ముందే చేరుతున్నాయేమో. వదినా వదినా అని తిరిగినవాడే ఇంత పని చేశాడా?

ఫోన్‌లో అడిగితే ముఖం కనబడదు. శిడ్లఘట్టకు పనిమీద పోతున్నానని మామకు చెప్పి, పొద్దున్నే బాగేపల్లి బస్సెక్కింది.

చేతన్ ఏదో ప్రింటర్ విప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి సంబరంగా లేచాడు. ఆమె కూర్చోలేదు.

"మా మిషన్లో నీకేం పని చేతన్?"

విషయమంతా విన్నాక అతని ముఖంలో నవ్వు పోయింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"బిల్లుల మిషన్ ఒగటేనా, గోదాముదీ నిదానమేనా?"

"రెండూ."

"గోదాము మిషన్లో నా పేరు ఉండాదా?"

స్మిత ఆలోచించింది. లేదు. అందులో ఆమె తప్ప ఎవరూ లేరు.

"మరి నేను దొంగనైతే అదెందుకు నిదానమైంది వదినా?" అన్నాడు చేతన్. "సర్వర్‌కు నెట్‌వర్క్ కార్డు ఏమన్నా మార్చినారా?"

మార్చారు. పిడుగు పడి పాతది కాలిపోతే, చేతన్ వెళ్ళిన వారంలోనే కొత్తది వేయించారు.

"వర్చువల్ మిషన్ల డేటాకు వేరేవేరే వరసలు కట్టే సెట్టింగు ఒగటి ఉంటాది దాంట్లో. మంచికే పెట్టింటారు, కొన్ని కార్డుల్లో అదే అడ్డం పడతాది. ఆఫ్ చేసి చూడు."

"సరే. నీ పేరు సంగతి?"

చేతన్ వీధివైపు చూశాడు. "పోయేటప్పుడు పెద్దనాయన నా పాస్‌వర్డ్ అడిగి తీసుకున్యాడు. అంతకుమించి నన్ను అడగొద్దు."

తిరుగు బస్సులో ఆమెకు ఆ మాట మీద కూడా పూర్తిగా నమ్మకం కలగలేదు. తప్పించుకోవడానికి అన్నాడేమో.

అంగడికి వచ్చేసరికి మామ భోజనానికి మేడమీది ఇంటికి వెళ్ళి ఉన్నాడు. స్మిత కార్డు సెట్టింగులు వెతికి, అతను చెప్పినది ఆపింది. బిల్లుల మిషన్ లోంచి ఫైలు పంపింది. రెప్పపాటులో చేరింది. గోదాముదీ అంతే. బయట రూప "అక్కా, బిల్లు సర్రున వచ్చె!" అని కేకేసింది.

అప్పుడే తెరమీద చేతన్ పేరు వచ్చింది.

స్మిత చప్పుడు చేయకుండా మెట్లెక్కింది. అత్త మీనాక్షమ్మ కునుకు తీస్తోంది. కిటికీ దగ్గర కుర్చీలో పట్టాభిరామ, ఒడిలో ల్యాప్‌టాప్, ముక్కుమీద కళ్ళజోడు. ఆమెను చూడగానే మూత మూసేశాడు.

"ఈ పొద్దు బిల్లులు బిరబిరా పోతాండాయే! వాన్ని బయటికి తోసినావా?"

"చేతన్ ఇంకా లోపలే ఉండాడు మామా. మీ ఒళ్ళో ఉండాడు."

ఆయన ల్యాప్‌టాప్‌ను కిటికీ గట్టుమీదికి జరిపాడు. "అంగడి నాది. చూసుకోవద్దా?" అన్నాడు.

"చూసుకోండి. మీ పేరుతో చూసుకోండి, ఎవరొద్దన్నారు? నామీద నమ్మకం లేదంటే నాతోనే అనుంటే సరిపోయేది. మీరు లోపల కూచుని వానిమీదికి తోస్తిరే!"

"నిదానమైంది నావల్లేమో అని భయపడి వాని పేరు చెప్పితినమ్మా" అన్నాడాయన, చూపు దించుకుని.

"మీవల్ల కాదు. కార్డువల్ల. ఆ మాట చెప్పింది చేతనే."

పట్టాభిరామ కళ్ళజోడు తీసి పంచె చెరగుతో తుడవసాగాడు. "రేపు ఫోన్ చేస్తాలే వానికి."

ఆ రేపు మీద స్మితకు నమ్మకం లేదు. అక్కడే నిలబడి బాగేపల్లికి నంబరు కలిపి, ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.