బాషా స్టూడియో ఫొటోలు ఎవరి చేతికి

జగ్గయ్యపేటలో చాంద్ బాషా ముప్పై ఎనిమిదేళ్లు ఫొటో స్టూడియో నడిపాడు. సెల్‌ఫోన్లు వచ్చి గిరాకీ పోయాక మూసేశాడు గానీ, నెగెటివ్‌లు పారేయలేదు. మూడేళ్లు కూర్చుని స్కాన్ చేసి ఇంటర్నెట్ ఖాతాలో దాచాడు. పేటలో జరిగిన పెళ్లిళ్లు, చిల్లకల్లు బడిపిల్లల గ్రూపు ఫొటోలు, సిమెంటు ఫ్యాక్టరీలో చేరేవాళ్ల పాస్‌పోర్టు సైజులు, అన్నీ.

పోయిన వేసవిలో ఆయన గుండెకి స్టెంట్ వేశారు. ఇంటికొచ్చాక కొడుకు వాసిం, ఖాతాలో ఉన్న ఒక ఏర్పాటు చూపించాడు. ఆర్నెల్లు మనం తెరవకపోతే, ముందే రాసిపెట్టిన మనిషికి అవన్నీ చేరతాయట.

"నీ పేరు పెడితే ఏం చేస్తావురా వాటిని?"

"ఊరి పేరుతో పేజీ పెట్టి అన్నీ ఎక్కిస్తా నాన్నా. జనం సంబరపడతారు."

బాషా ఎవరి పేరూ పెట్టకుండానే ఖాతా మూసేశాడు. మూడోరోజు పొద్దున్నే నందిగామ బస్సెక్కాడు.

అక్కడ మహిమ టైలరింగ్ షాపు పెట్టుకుంది. పద్దెనిమిదో ఏట స్టూడియోలో చేరి, పందొమ్మిదేళ్లు ఫొటోల్లో మచ్చలు కనపడకుండా టచింగ్ చేసి, ఆల్బమ్‌లు అతికించిన మనిషి. బాషా ట్యాబ్‌లో పాత ఫొటోలు తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"మన కోటే కదండీ ఇది!" మహిమ నవ్వింది. ఫొటోకి వచ్చినవాళ్లకి తొడగడానికి స్టూడియోలో ఉన్నది ఒకటే కోటు. పరిటాల నుంచొచ్చిన పొడుగాటి కుర్రాడికి చేతులు చాలకపోతే, నడుం దాకానే తీశారు. గోడకి వేలాడే దువ్వెన, పౌడరు డబ్బా, లైట్ల వేడికి నుదుటిన పట్టే చెమట, ఒక్కోటిగా గుర్తొచ్చాయి ఇద్దరికీ. మిషను మీద జాకెట్టు సగంలో ఆగిపోయింది.

ఒక పెళ్లిచూపుల ఫొటో దగ్గర మహిమ వేలు ఆపింది.

"కమలాకుమారి గారు. మూడు సంబంధాలు తప్పిపోయాయని మళ్లీ తీయించుకోడానికొచ్చి ఏడ్చింది. పాతది చింపేయమంది."

"చింపేశాం. నెగెటివ్ ఉండిపోయింది."

"అయితే ఆవిడని అడక్కుండా ఇది ఎవరికీ చూపించకూడదండి."

బాషా ట్యాబ్ పక్కన పెట్టాడు. "ఈ మాట కోసమే వచ్చా. నీ పేరు పెడతానమ్మా."

"సొంత కొడుకుండగా నేనేంటండి? వాసిం ఏమనుకుంటాడు?"

"వాడికి కంప్యూటర్ తెలుసు. నీకు మనుషులు తెలుసు. ఇద్దరి పేర్లూ పెడతా. నువ్వు సరేనన్నవే బయటికెళ్లాలి."

అక్కడి నుంచే వాసింకి ఫోన్ చేసి చెప్పాడు. కన్నకొడుకుని నమ్మలేదా అని వాసిం చిన్నబుచ్చుకున్నాడు. బాషా కమలాకుమారి సంగతి చెప్పాక, "నేనది ఆలోచించలేదు నాన్నా. మహిమక్కకి చెప్పు, ఆదివారం వస్తున్నా" అన్నాడు.

కమలాకుమారి నందిగామలోనే ఉంటోంది. మహిమ కబురు పెడితే, తండ్రీకొడుకులు వచ్చిన ఆదివారం షాపుకొచ్చింది. ట్యాబ్‌లో ఆ ఫొటో తెరిచి చేతికిస్తే కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూసింది. వాసిం మెల్లగా అడిగాడు, "తీసేయమంటారా అండి?"

"ఎందుకు బాబూ? ఈ పిల్ల బాగానే ఉంది కదా" అంది. "వద్దన్నవాళ్ల మాట పట్టుకుని నేనూ దీన్ని వద్దనుకున్నా."

మనవరాలి ఫోనుకి పంపించుకుని వెళ్లింది. ఆ సాయంత్రం పేటకి తిరిగెళ్లే ముందు బాషా ఖాతాలో రెండు పేర్లూ ఎక్కించాడు. వాసిం ల్యాప్‌టాప్ జరిపి, "తర్వాతది ఎవరిదక్కా?" అని మహిమ పక్కన కూర్చున్నాడు.