బొటనవేలి బెజ్జం

అయినా బంతికేం రోగం, మనిషికొచ్చినట్టు దానికీ ముసలితనం వస్తుందా ఏమిటి, అనుకుంటూ లోజా, బౌలింగ్ బంతులు తొలిచే ఎల్మర్ దుకాణంలో కోటు విప్పకుండానే కూర్చుంది, అద్దం అవతల బౌలింగ్ హాల్లో మంగళవారం జట్ల వాళ్ళు దొర్లించిన బంతులకి పిన్నులు దభదభా పడుతున్నాయి, ఆ చప్పుడు వింటూ పెంచిందామె పిల్లల్ని, మిల్వాకీలో వాళ్ళ పేటంతా అంతే, మొగుడు బ్రోనెక్ ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, నా బంతి మలుపు తిరగట్లేదే, గీత గీసినట్టు సూటిగా పోతోంది, ఎల్మర్‌గాడు తప్పుచోట తొలిచాడు, వేళ్ళు దూర్చే బెజ్జాలు పూడ్పించి మళ్ళీ తొలిపించు అన్నాడు, ఆ మాటే ఆమె ఎల్మర్‌కి చెప్పి, నీ డ్రిల్లుకి కళ్ళజోడు పెట్టించవయ్యా అంటే అతను నవ్వి, చూడు లోజా, బంతి కడుపులో బరువు అన్ని పక్కలా ఒకలా ఉండదు, ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, దానికెంత దూరంలో తొలిస్తామో దాన్నిబట్టి మలుపు ముందో వెనకో వస్తుంది, మీ ఆయనకి చిట్టచివర తిరిగేలా తొలిచింది నేనే, ఆ బరువు ఉన్నచోటే ఉంది, ఎక్కడికి పోతుంది అన్నాడు, అవును, బరువు ఎక్కడికి పోతుంది, శుక్రవారం చేపల వేపుడు రెండు పళ్ళాలు లాగించే మనిషి ఈమధ్య ముక్క కెలికి వదిలేసి, పళ్ళు సలుపుతున్నాయంటున్నాడు, ఉంగరం తీసి సాసర్లో పెట్టి, సబ్బుకి జారుతోందన్నాడు, ఆమె నమ్మింది, నమ్మకేం చేస్తుంది.

ఎల్మర్ లైటు దగ్గరకి లాగి బొటనవేలి బెజ్జంలోకి చూశాడు, పట్టకారుతో ఓ టేపు ముక్క లాగాడు, చలికి వేలు సన్నబడితే ఎవరైనా ఓ ముక్క అంటిస్తారు, అదేం వింత కాదు, కానీ దానికింద ఇంకోటి, దానికింద ఇంకోటి, అడుగువి నల్లగా మాసిపోయి, పైవి తెల్లగా కొత్తగా, బల్లమీద చిన్న కుప్పయింది, ఎల్మర్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది, బెజ్జం వదులైతే మనిషి భయపడి బంతిని పిసుకుతాడు లోజా, బొటనవేలు ఆలస్యంగా వదులుతుంది, మిగతా రెండు వేళ్ళకి తిప్పే వీలుండదు, అందుకే సూటిగా పోతోంది అని, పట్టకారు కింద పెట్టి, టేపు నా దగ్గరే కొన్నాడు, ఇంత దేనికిరా అంటే తలుపు సందుల్లోంచి చలిగాలి వస్తోందన్నాడు, అన్నాడు నేల చూస్తూ.

తలుపు సందులకట, ఆమెకి నవ్వొచ్చి ఆగింది, బ్రోనెక్ భుజం నొప్పంటూ డాక్టరు దగ్గరకి ఒక్కడే వెళ్ళొచ్చి, ఏమన్నాడయ్యా అంటే, తగ్గుతుందన్నాడు అని కిటికీ వైపు తిరిగాడు, పూడ్చి తొలవమంటావా అని ఎల్మర్ అడుగుతున్నాడు, ఆమె ఆ టేపు ముక్కల్ని వేలితో ముట్టుకుంది, ఇంకా జిగురుగానే ఉన్నాయి, వీటిని పీకేసి పంపడం ఆయనకి ఎంతసేపు పని, ఎల్మర్ మొదట బెజ్జంలోకే చూస్తాడని ఆయనకి తెలీదా, తెలిసే ఉంచాడు, తెలిసే పొద్దున బంతి సంచీ తెచ్చి ఆమె చేతికిచ్చి ఓ క్షణం వదలకుండా పట్టుకున్నాడు, బంతి బాగుపడాలని కాదు, తను చెప్పలేనిది ఆమెకి ఇంకొకరి ఎదుట తెలియాలని, తెలిసిన ఆ నిమిషాన ఆమె ఒంటరిగా ఉండకూడదని.