ఊ కొట్టే కొలువు

లొరెయిన్ టాబర్ అమెరికాలో పేరున్న నవలా రచయిత్రి. ఒకప్పుడు పేరుండేది అనడమే న్యాయం. పాతికేళ్లు దాటీ దాటకుండానే తల్లి నడిపిన లాండ్రీ మీద ఒక నవల రాసింది. దానికి బహుమతి వచ్చింది, సినిమా తీశారు. ఆ తర్వాత రాసినవన్నీ మొదటిదాని పక్కన సవతి పిల్లల్లా మిగిలిపోయాయి. ఇద్దరు భర్తలు వచ్చారు, వెళ్లారు. కాలేజీల్లో నవల రాయడం నేర్పబోతే పిల్లలు ఆ మొదటి నవల గురించే అడిగి ప్రాణం తీసేవారు. ఇప్పుడు డెబ్బై దాటాక, చేతులు వణుకుతూ, చూపు మందగించి, మస్కట్‌లో ఆయిల్ కంపెనీలో పనిచేసే కూతురి దగ్గరికి చేరింది. అక్కడ ఖురంలో ఫ్లాటు, ఏసీ రొద, మళ్లీ ఆ లాండ్రీ మీదే ఆఖరి నవల.

ఆవిడ చెబుతుంటే ఆ నవలను టైపు చేసే పని జగిత్యాల శ్రీవాణిది. అంతకుముందు పనిచేసిన ఆఫీసు మూతపడింది. భర్త జితేందర్ సైట్ డ్యూటీకి వెళ్లగానే ఆమె కూడా తాముండే అల్ హైల్‌లో ట్యాక్సీ ఎక్కి, ఖురం చేరేసరికే సగం అలిసిపోయేది. లొరెయిన్‌కు పని దగ్గర ఒకటే నియమం. చెప్పింది వెనక్కి చదివి వినిపించకూడదు.

"వెనక్కి చూస్తే దిద్దాలనిపిస్తుంది. దిద్దుతూ కూర్చుంటే పుస్తకం ముగియదు," అనేది. అన్ని పుస్తకాలూ అలాగే రాసిందట.

శ్రీవాణికీ ఓ అలవాటుంది. కథ చెప్పేవాళ్ల ఎదురుగా కూర్చుంటే చాలు, నోరు దానంతటదే "ఊఁ" అంటుంది. చిన్నప్పుడు నాయనమ్మ శాంతవ్వ కథ చెబుతుంటే ఊ కొట్టాల్సిందే, లేకపోతే కథ అక్కడికక్కడే ఆగిపోయేది. అమెరికా ఆవిడకు ఈ ఊ కొట్టడం తెగ నచ్చేసింది. ఇంత శ్రద్ధగా విన్న మనిషి తన జన్మలో లేరని మురిసిపోయింది.

మార్చిలో, ఆఖరిదానికి ముందుదైన పదకొండో అధ్యాయం చెప్పింది. నాయికకు తల్లి అయిన ముసలామె లాండ్రీకి తాళం వేసే రోజు అది. ఏప్రిల్‌లో ఓ పొద్దున మళ్లీ అదే మొదలుపెట్టింది. శ్రీవాణి వేళ్లు ఆగాయి. పెద్దావిడ, పైగా అంత పేరున్న మనిషి. "ఇది చెప్పేశారు" అని ముఖం మీద ఎలా అంటుంది? ముసలివాళ్లు చెప్పిందే చెబితే కొత్తగా విన్నట్టు వినడమే మర్యాద అని నమ్మి పెరిగిన మనిషాయె. ఊ కొట్టింది, టైపు చేసింది. మేలో మళ్లీ అదే తాళం. మళ్లీ ఊ కొట్టింది. ఎండలు ముదిరి, జూన్‌లో కూడా ఆ లాండ్రీ మూతపడటం మొదలయ్యేసరికి శ్రీవాణికి ఒంట్లో ఓపిక లేకుండా పోయింది.

"ఏమైంది, పెయ్యి బాగలేదా?" అన్నాడు జితేందర్, సైట్ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ.

"గా మేడమ్ చెప్పిందే మళ్ల చెప్తుంది. నాలుగోసారి. నేనేమో ఊ కొట్టుకుంట టైప్ చేస్తున్న."

"మరి ఆమెకే చెప్పరాదా?"

"ఎట్ల చెప్పాలె? పెద్దమనిషి. మనసు నొచ్చుకుంటది."

"నొచ్చుకుంటే నొచ్చుకుంటది. పుస్తకం ఆమెది గాదా?"

అతను అలసటతో మంచం మీద వాలి నిద్రపోయాడు. శ్రీవాణికి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

మర్నాడు ఆవిడ మళ్లీ లాండ్రీ తలుపు దగ్గరికే వచ్చింది. శ్రీవాణి పళ్లు బిగబట్టుకుని ఊ కొట్టకుండా కూర్చుంది. రెండు వాక్యాలకే ఆవిడ ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఇది అయిపోయింది మేడమ్. మార్చిలో చెప్పారు. ఆ తర్వాత కూడా… చాలాసార్లు."

ఆవిడ కేకలేస్తుందనుకుంది శ్రీవాణి. వేసి ఉంటే ఎంత బాగుండేది! ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టర్ కొత్త సంవత్సరంలోనే చెప్పాడు. మా అమ్మాయికి కూడా చెప్పలేదు. మతి ఉండగానే ముగించాలని పరుగెత్తాను. నేను దారి తప్పితే నువ్వు ఆపుతావనుకున్నాను, శ్రీవాణీ. టైపు చేయడానికైతే మెషీన్లు లేవా? మనిషిని పెట్టుకున్నది అందుకే."

శ్రీవాణికి తల కొట్టేసినట్టయింది. మర్యాద అనుకుంటూ ఆవిడకు మిగిలిన మంచి నెలలన్నీ తానే మింగేసింది.

"సరే, ఆఖరి అధ్యాయం చెప్పండి మేడమ్. ఇప్పుడే చేసేద్దాం," అంది, మళ్లీ కీబోర్డు మీద చేతులు పెట్టి.

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని గోడవైపు చూసింది.

"తాళం వేశాక ఆ ముసలామె ఎక్కడికో వెళుతుంది. మార్చిలో నాకు బాగా తెలుసు. ఎక్కడికో నీకేమైనా చెప్పానా?"

"లేదు మేడమ్," అంది శ్రీవాణి, ఏడుస్తూ.