నడిమి బంతి

ఎడమ కోర్టు ఇచ్చేస్తానని జమీర్ అనేసరికి, బూటు లేసు కట్టుకుంటున్న సాయిశంకర్ చేతులు ఆగిపోయాయి.

"ఏటి బావా, జొరమేటైనా తగిలిందా?"

"భుజం లాగుతంది. ఈయాల నాను కుడి పక్క నిలబడతాను. నువ్వు ఎడం పక్కకి రా."

"మీ తాత రాసిచ్చినట్టు ఇన్నేళ్ళూ ఎవుడికీ ఇయ్యలేదు గదా. ఇప్పుడు దానం సేత్తన్నావేటి?"

జమీర్ నవ్వేశాడు. భుజానికేమీ కాలేదు. పోయింది కుడి చెవి. జనవరిలో ఒక పొద్దున్న లేచేసరికి ఆ పక్క లోకం మూగబోయింది. సీతమ్మధారలో డాక్టరు మిషన్లు పెట్టి చూసి, తిరిగి రావడం కష్టమన్నాడు. సాయిశంకర్‌కి చెప్పెయ్యమని భార్య చాంద్ సుల్తానా రోజూ పోరుతూనే ఉంది. జమీర్ చెప్పలేదు. చెన్నై కుర్రాడు మోహన్, వచ్చే ఏడు తనతో జోడీ కట్టమని సాయిశంకర్‌ని అడిగాడు. ఆ మాట సాయిశంకరే జమీర్‌తో చెప్పాడు. ఇంకా ఔనూ అనలేదు, కాదూ అనలేదు. నలభైకి దగ్గర పడ్డ ఒంటిచెవి మనిషిని, ఉడుకు రక్తం కుర్రాణ్ణి పక్కన పెడితే ఎవరైనా ఎవరిని ఎంచుకుంటారు?

టెన్నిస్ డబుల్స్‌లో బంతి ఇద్దరి మధ్యకి వచ్చిందంటే ఎవరో ఒకరు అరవాలి. పక్కకి చూసే వ్యవధి ఉండదు. ఎడమ కోర్టులో నిలబడితే జోడీ తన కుడి పక్కన ఉంటాడు, చచ్చిన చెవి వైపు. అందుకే ఈ మార్పు.

ఆ అరుపుల మీదే వాళ్ళు దేశాలు తిరిగారు. స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ సిమెంటు కోర్టులో మొదలైంది ఆట. సాయిశంకర్ తండ్రి అక్కడ ఫర్నేసు దగ్గర పనిచేసేవాడు. పాత టౌను నుంచి జమీర్ బస్సులో వచ్చేవాడు, దర్జీ తండ్రి కుట్టిచ్చిన గోనెగుడ్డ సంచిలో పాత రాకెట్టు పెట్టుకుని. తరవాత టర్కీ అన్నారు, ఉజ్బెకిస్తాన్ అన్నారు. ఒకే గది, ఒకే కుక్కరు. హీటరు మీద ఉతికిన మేజోళ్ళు ఆరేస్తే గదంతా అదో వాసన. సింగిల్స్ ఆడేవాళ్ళకి పెద్ద కోర్టు, జనం, దీపాలు. వీళ్ళకి చివరి కోర్టు, చూడ్డానికి నలుగురు, ఆ నలుగురిలో ఇద్దరు వానకి తలదాచుకోడానికి వచ్చినవాళ్ళు. ఓడి ఇంటికొస్తే సాయిశంకర్ తల్లి పైడితల్లి అనేది, "ఒక్కడివే ఎల్లి ఓడిపోనావంటే అర్తముంది. ఇద్దరెల్లి ఓడిపోయారేట్రా?"

మొదట్లో "నాది", "నీది" అనే అరిచేవారు. టర్కీలో ఎదుటివాడు ఆ మాట పట్టేసి, బంతి మధ్యలో ఉండగా "నాది" అని తానే అరిచాడు. వీళ్ళిద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోయారు. ఆ రాత్రి కుక్కరు ముందు కూర్చుని ఆ మాటలకి బదులు చేపల పేర్లు పెట్టుకున్నారు. వంజరం అంటే నాది, చందువ అంటే నీది. ఆ తరవాత ఏ దేశంలోనూ ఎవరికీ అంతు పట్టలేదు. తెలుగు తెలిసినవాళ్ళు వింటే మాత్రం ఈ మనుషులకి ఆకలెక్కువ అనుకుని ఉంటారు.

మధ్య బంతుల్లో ఎక్కువ వంజరాలు జమీర్‌వే. కుడిచేతి వాటం మనిషి ఎడమ కోర్టులో ఉంటే కుడిచేతి బలమైన దెబ్బకి మధ్య బంతే అందుతుంది. అతని పేరు నాలుగు ఊళ్ళలో తెలిసిందంటే ఆ నడిమి బంతి వల్లే. ఇప్పుడది వదులుకుని కుడి పక్కకి వచ్చి నిలబడ్డాడు. సముద్రం గాలి ఎప్పటిలాగే ఉప్పగా కొడుతోంది. సొంతూరు కావడంతో మెట్ల మీద జనం బాగానే ఉన్నారు.

ఎదుటివాళ్ళ సర్వీసు అందుకునేటప్పుడు ఇబ్బంది లేకపోయింది. సాయిశంకర్ సర్వీసు దగ్గర తిరకాసు వచ్చింది. అప్పుడు జమీర్ నెట్ దగ్గర ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క మారి నిలబడక తప్పదు. ఎడమ పక్క ఉండగా బంతి మధ్యకి దూసుకొచ్చింది. వెనక కుడి పక్క నుంచి సాయిశంకర్ "చందువ" అని అరిచింది చెవిన పడక, బంతి అతనిదే అనుకుని జమీర్ కదల్లేదు. బంతి ఇద్దరి మధ్య నుంచీ వెళ్ళిపోయింది. మెట్ల మీద జనం గొల్లుమన్నారు. మళ్ళీ అలాగే అయింది. మొదటి సెట్టు పోయింది.

బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు జమీర్. ఎందుకో పక్కకి తిరిగాడు. కుడి పక్కన కూర్చున్న సాయిశంకర్ పెదవులు అప్పుడే మూసుకుంటున్నాయి. మొహం ఎర్రగా ఉంది.

"ఏటన్నావ్?" అన్నాడు జమీర్.

సాయిశంకర్ అతని వైపు తిరిగాడు. "ఇంతసేపూ తిట్టాను. ఒక్క ముక్కా ఇనలేదేటి నువ్వు?"

"కుడి సెవి పోయింది బావా. జనవరి నుంచి."

సాయిశంకర్ సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. అంపైరు టైమన్నాడు. సాయిశంకర్ లేచి, చుట్టూ తిరిగి జమీర్ ఎడమ వైపుకి వచ్చి నిలబడ్డాడు.

"ఎటు నిలబడ్డా నడిమి బంతులన్నీ నావే. నువ్వు నీ గీత కాసుకో. అరుపుల్లేవు."

"నాకు అందీది కూడానా?"

"అదీ నాదే. నీకు ఇనబడని మాట మీద ఆట నడవదు."

రెండో సెట్టు మూగగా ఆడారు. మెట్ల మీద ఒక పెద్దాయన, "ఏటర్రా, ఈయాల సేపల బేరం లేదేటి?" అని అడిగితే అందరూ నవ్వారు. జమీర్ మాత్రం నవ్వలేకపోయాడు. బంతి మధ్యకి వచ్చినప్పుడల్లా కాలు దానంతటదే కదిలేది. దాన్ని ఆపుకోవడం పరుగెత్తడం కంటే కష్టంగా ఉంది. అయినా ఆపుకున్నాడు. సెట్టు గెలిచారు. ఇక మిగిలింది ఆఖరి టైబ్రేకు. అది చివరిదాకా సమంగానే సాగింది. ఒక పాయింటు వెనకబడ్డప్పుడు బంతి సరిగ్గా నడిమికి, జమీర్ చేతికందే దూరంలో వచ్చింది. అతని కాలు లేచి, ఆగింది. సాయిశంకర్ ఒక అడుగు ఆలస్యంగా వచ్చాడు. ఆట పోయింది.

ఎదుటివాళ్ళతో చేతులు కలిపి, సంచులు తీసుకుని గోడ నీడలో కూర్చున్నారు. ఈసారీ సాయిశంకర్ ఎడమ పక్కకే వచ్చాడు.

"నీకు అందీదే కదా," అన్నాడు.

"నీదన్నావు. ఒగ్గీసాను."

సాయిశంకర్ బూటు లేసులు విప్పుకున్నాడు. జమీరే మొదలెట్టాడు. "మోహన్‌కి ఔనని సెప్పీ. నాకేటీ కోపం లేదు."

"ఆ కుర్రోడు తెల్లారగట్ల నాలుక్కి లేచి గదిలో ఎగురుతాడంట. ఈ వయసులో నాకెందుకది." సాయిశంకర్ రాకెట్టు తీగలు వేళ్ళతో సర్దాడు. "డిసెంబరు దాకా ఆడదాం. కుదిరితే సరే. లేపోతే మానేద్దాం. జనవరి నుంచి సెప్పనందుకు మాత్రం నిన్ను శానా రోజులు తిడతాను. ఎడం పక్క కూకునే తిడతాను."

డిసెంబరు దాకా. జమీర్ ఆశించిందానికి అది తక్కువ, భయపడ్డదానికి ఎక్కువ.

"మరి నడిమిది?" అని అడిగాడు, జవాబు తెలిసే.

"నాదే."

జమీర్ తలూపాడు. పాత జోడీ నిలిచినందుకు గుండె తేలికపడింది. చెయ్యి మాత్రం ఎప్పుడు తీసుకుందో, రాకెట్టు పిడిని గట్టిగా పట్టుకునే ఉంది.