మోకాలెత్తు అల

మంగళవారం సముద్రం మీదికి ఎవరూ పోకూడదని ఫాంటీ జాలర్ల ఆచారం. అందుకే బుధవారం పొద్దున ఆ తీరంలో ప్రతి పడవకూ తొందరే. ఇరవై మంది పడవకు భుజాలు ఆనించి, ముందు నిలబడ్డ ఓటు అనే ముసలి తండేలు మాట కోసం చూస్తున్నారు. వచ్చే అల ఎత్తెంతో అతను కేకేసి చెప్పాలి. మోకాలంటే దిగుతారు, భుజమంటే ఆగుతారు. నలభై ఏళ్లుగా చుక్కాని తెడ్డు అతనిదే.

మూడేళ్లుగా అతనికి చూపు ఆనడం లేదు. ఆ సంగతి మనవరాలు అరబాకు తప్ప పురుగుక్కూడా తెలియదు. అల ఇసుకను కొట్టే చప్పుడును బట్టి ఎత్తు చెప్పేస్తున్నాడు, ఇన్నాళ్లూ చెల్లిపోయింది. తెడ్డు పోతే ఇక నీడన కూర్చుని చిరిగిన వలలు కుట్టుకోవడమే. ఆ బతుకంటే అతనికి చావుకన్నా భయం.

ఆ రోజు చప్పుడు బరువుగా వచ్చింది.

"భుజం," అన్నాడు ఓటు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అటో అనే మేనల్లుడు ముందుకొచ్చాడు. మేనమామ తెడ్డు మేనల్లుడికి రావడమే అక్కడి ఆనవాయితీ.

"నా మోకాలు దాటలేదు మామా. భుజం ఎవరిది, చీమదా?"

"ఇంకోటి రానీరా."

ఇంకోటి ఆలస్యంగా వచ్చి అంతే బరువుగా కొట్టింది. ఓటు మళ్లీ భుజమే అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అటో చెయ్యెత్తి చూపించాడు.

"ఇవెన్ని వేళ్లు మామా?"

ఓటు కళ్లు ఆ చేతిని వెతుక్కున్నాయి. గుట్టు రట్టయింది. అయినా చెవి అబద్ధం చెప్పదని అతనికి గట్టి నమ్మకం. మొక్కజొన్న కెంకీ ముద్దల సద్దిమూట తెచ్చిన అరబా వైపు తిరిగాడు. ఆమె బడిలో సైన్సు చెబుతుంది.

"గడియారం చూసి పది అలలు లెక్కపెట్టమ్మా."

మొదటి అలను సున్నా అనుకుని మొదలుపెట్టింది అరబా. పదోది కొట్టేసరికి నూట నలభై సెకన్లు.

"ఒక్కోదానికీ పద్నాలుగు తాతా. మొన్న ఎనిమిదే."

"అయితే ఏంటట? ఎత్తు మోకాలే కదా," అన్నాడు అటో.

"ఎత్తొక్కటే చూస్తే ఎలా బాబాయ్? ఎనిమిది సెకన్ల అల లోతునీళ్లలో వంద మీటర్ల పొడవుంటుంది. పద్నాలుగు సెకన్లదైతే మూడొందలు. ఎక్కడో తుఫానులో పుట్టి వచ్చింది. లోతులో చదునుగానే ఉంటుంది, ఒడ్డు దగ్గర నేల తగిలాక లేస్తుంది. పెద్దవి గుంపుగా వస్తాయి. అవింకా రాలేదు."

అటో ఏదో అనబోయేలోగా పక్క పడవవాళ్లు మోకాలే కదా అని దిగిపోయారు. రెండు అలలు దాటారు. మూడోది వాళ్ల ముందు గోడలా లేచి పడవను తలకిందులు చేసేసింది. మనుషులందరూ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. ఒకడికి చెయ్యి విరిగింది. పడవ మాత్రం రెండు ముక్కలు.

అటో తమ పడవ దగ్గరికి నడిచాడు. తెడ్డు తెచ్చి ఓటు చేతికి అందించాడు.

"నువ్వు చెప్పిందే నిజం మామా. రేపేం చేద్దాం?"

ఓటు తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. తన మాట నెగ్గింది, కానీ రేపు మోకాలో భుజమో చూసి చెప్పాల్సిన కళ్లు లేవని ఇరవై మందికీ తెలిసిపోయింది. తెడ్డు తిరిగి అటో చేతిలో పెట్టాడు.

"అరబా ఎనిమిది అంటే, నీ కంటికి మోకాలైతే..." దిగుదాం అనబోయాడు. తెడ్డు మీంచి చెయ్యి తీసేశాడు. "దిగండి," అన్నాడు.