ఫ్లష్ ట్యాంకులో చెయ్యి

దర్జీ తాగుడు మానేసి ఏడాదైంది. ఆ మాట ఆయన భార్య చచ్చినా నమ్మదు. మనిషి ఇంత నిమ్మళంగా ఉన్నాడంటే ఎక్కడో చాటుగా పట్టిస్తున్నట్టేనని ఆవిడ లెక్క. అందుకే మొగుణ్ణి రెక్క పట్టుకుని, తాగుడు మాన్పించే డాక్టరమ్మ ముందు కుదేసింది.

“పొద్దున్న లేవగానే మనసు దానిమీదికే పోతుందా?” అని డాక్టరమ్మ అడిగింది.

“లేదండీ,” అన్నాడు దర్జీ.

“ఎవరైనా అడ్డొస్తే ఒళ్ళు మండుతుందా?”

“ఇప్పుడేం లేదండీ.”

“అబద్ధాలకోరు!” అంటూ భార్య చెయ్యెత్తింది. ఆ చెయ్యి మోచేతి దాకా తడిసి నీళ్ళు కారుతోంది.

“అదేంటమ్మా?” అంది డాక్టరమ్మ.

“ఇందాక ఈయన మీ బాత్రూముకి వెళ్ళొచ్చాడు కదండీ. వెనకాలే వెళ్ళి ఫ్లష్ ట్యాంకు వెతికాను. ఒకప్పుడు సీసాలు అందులోనే దాచేవాడు. ఇంట్లోనైతే కళ్ళు తెరవగానే, ఈయన లేవకముందే చప్పుడు కాకుండా వెళ్ళి చూస్తాను. వద్దన్నాడంటే ఎక్కడలేని కోపం వస్తుంది.”

“మీరెప్పుడైనా మానేద్దామని చూశారా?”

డాక్టరమ్మ తన కుర్చీని ఆవిడ వైపు తిప్పుకుంది.

దర్జీ భార్య తడిచేతిని మెల్లగా పట్టుకున్నాడు. “ఏం భయంలేదే. మొదటి వారమే నరకం. తర్వాత అదే సర్దుకుంటుంది,” అన్నాడు.