బల్ల కింద అమ్మ

ల్యాప్‌టాప్ ఆశాజ్యోతిది కాదు. పాస్టరుగారి అబ్బాయి అనిల్ కుమార్ పరీక్ష కోసమని అరువిచ్చాడు. ఇచ్చేటప్పుడే, "బ్యాటరీ ముసలిదైపోయిందక్కా, ఛార్జింగులో పెట్టుకునే వాడుకో, తీశావంటే కాసేపట్లో కొండెక్కేస్తుంది" అని చెప్పాడు. ఆ మాట ఆశాజ్యోతి చెవిన వేసుకుంది. వైరుని సుకుమారంగా చూసుకోవాలన్న సంగతి మాత్రం ఆమె తల్లికి ఎవరూ చెప్పలేదు.

పాపాయమ్మకు చెల్లాచెదురుగా పడున్న తాడంటే ఒళ్లుమంట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పొలం పనుల్లో నలిగిన మనిషి. గడ్డిమోపు విప్పిన తాడునైనా సరే, చుట్ట చుట్టి, నడుమ ముడేసి, మేకుకి తగిలించందే ఆవిడకు అన్నం సయించదు. కూతురు పడుకున్నాక ఛార్జరు వైరు నేల మీద ఆవిడ కంటబడింది. ఎలుకలు కొరికేస్తాయని భయపడి, దాన్ని కూడా బిగించి చుట్టి, పిన్ను దగ్గర మెడ విరిచి ముడేసి, మేకుకి తగిలించి, ఒక మంచి పని చేశానన్న తృప్తితో నిద్రపోయింది.

పొద్దున్న పిన్ను పెడితే ఛార్జింగు ఎక్కలేదు. లోపల తీగ చిట్లిపోయింది. పిన్నుని ఎడమవైపుకి వంచి వేలితో నొక్కి పట్టుకుంటే తెర మూల మెరుపు గుర్తు కనిపిస్తోంది, వేలు తీస్తే మాయమైపోతోంది. రబ్బరు బ్యాండు అయింది, టేపు అయింది, జడపిన్ను అయింది, కింద ఇటుక ముక్క దోపడమూ అయింది. ఒక్కటీ మనిషి వేలంత బుద్ధిగా నిలవలేదు. అనిల్‌కి ఫోను చేస్తే రాజమండ్రిలో ఉన్నాడు. కాకినాడ వెళ్లి కొత్తది తెచ్చుకునే వ్యవధి లేదు.

పరీక్ష మెడికల్ కోడింగుది. రోగుల జబ్బులకీ వైద్యాలకీ అంకెలు వేసి పంపే ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ఇంతకుముందు రాసి తప్పింది. ఇదే ఆఖరి అవకాశమని కంపెనీవాళ్లు మొహమాటం లేకుండా రాసి పంపారు. ఆశాజ్యోతికి ఉద్యోగం గొప్పకి కాదు. పాపాయమ్మకు ఉబ్బసం. కోతల రోజుల్లో ఆ దుమ్ములో పనిచేసి వచ్చిందంటే గోడకి ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం కొట్టుకుంటుంది. ఇక పొలం మొహం చూడొద్దన్నాడు డాక్టరు. ప్రైవేటు బడిలో కూతురి ఉద్యోగం ఊడిపోయాక, ఆవిడ పొలానికి వెళ్లకపోతే పొయ్యి వెలగని ఇల్లది. తల్లిని ఆ దుమ్ములోంచి బయటికి లాగాలి. ఆశాజ్యోతికి ఇంకే కోరికా లేదు.

"నేను పట్టుకుంటానే," అంది పాపాయమ్మ, వైరు వంక దోషిలా చూస్తూ.

"గదిలో ఇంకో మనిషుంటే పరీక్ష రద్దు చేసేస్తారమ్మా. కెమెరాలోంచి చూస్తానే ఉంటారు."

"బల్ల కింద కూడా చూస్తారా?"

"మొదట్లో ఒకసారి చూపించమంటారు."

"చూపించేశాక దూరతాను. చెడగొట్టింది నేను కదా, నేనే పట్టుకుంటాను. ఊడుపుల్లో రోజంతా వంగున్నదాన్ని, ఇదో లెక్కా నాకు?"

వద్దనాలి. ఆశాజ్యోతి అనలేదు.

కెమెరా ఎత్తు సరిపోవాలని ల్యాప్‌టాప్ కింద పాత టెక్స్టు పుస్తకాలు పేర్చింది. ఫోనులో నెట్ పెట్టి కిటికీలో ఆనించింది. ఎక్కడి నుంచో, పరీక్షకి కాపలా కాసే ఒకమ్మాయి గొంతు ల్యాప్‌టాప్‌లోంచి పలికింది, గదంతా చూపించమంది. చూపించింది. బల్ల కింద ఉండే తవుడు బస్తాను ముందే వసారాలోకి ఈడ్చేశారు కాబట్టి అక్కడ ఖాళీగానే కనిపించింది. అయినా ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. వెనక గోడ మీద ఇంకో మొహం కనిపిస్తోందట, తీసెయ్యాలట. ఆ మొహం యేసుప్రభువుది. చర్చివాళ్లు కొత్త సంవత్సరానికి పంచిన క్యాలెండరు. ఆశాజ్యోతి మనసులోనే క్షమాపణ చెప్పుకుని ఆయన్ని గోడవైపుకి తిప్పింది. ఆయనే ఉండకూడని గదిలోకి, ల్యాప్‌టాప్ వెనకున్న గుమ్మంలోంచి, పాపాయమ్మ మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి బల్ల కింద దూరింది. వెనక అంచు మీదుగా ఒక చెయ్యి పైకి చాచి, పిన్నుని వంచి నొక్కి పట్టుకుంది. తెర మూల మెరుపు గుర్తు వెలిగింది.

మొదట్లో అంతా సాఫీగా సాగింది. ప్రశ్నలు తెలిసినవే. ఒక్కొక్కటే దాటుతుంటే ఆశాజ్యోతికి లోపల్లోపల సంతోషం పొంగింది. ఈసారి పాసైపోతానని నమ్మకం కుదిరింది. అమ్మకి ఒక వాలుకుర్చీ కొనాలని కూడా అనుకుంది.

అప్పుడు వినిపించింది, కింద నుంచి సన్నగా ఈల.

బస్తానైతే తీశారు గానీ, దాని కింద ఏళ్ల తరబడి పేరుకున్న తవుడు దుమ్ము అలాగే ఉంది. పాపాయమ్మ చెయ్యి పైకి చాచి అందులోనే ముడుచుకుని కూర్చుని ఉంది. మందు పీల్చే గొట్టం వంటింటి కిటికీలో ఉంది. కూతురు కుర్చీలోంచి లేస్తే పరీక్ష అయిపోయినట్టే.

"మేడమ్, ఏదో శబ్దం వస్తోంది," అంది ల్యాప్‌టాప్‌లో గొంతు.

"ఫ్యానండి," అంది ఆశాజ్యోతి.

ఈల ఆగింది. తల్లి పైటకొంగు నోట్లో కుక్కుకుందని ఆమెకు చూడకుండానే అర్థమైంది. కాలితో తల్లి భుజాన్ని తట్టి, బయటికి వెళ్లిపొమ్మని సైగ చేసింది. పాపాయమ్మ ఖాళీగా ఉన్న చేత్తో ఆ పాదాన్ని పట్టుకుని నేలకి నొక్కింది. లేవకు అని దానర్థం. ఆ చేతికి చెమటలు పోస్తున్నాయి. ఇంకొంచెం సేపమ్మా, ఇంకొన్నే ఉన్నాయమ్మా అని మనసులో బతిమాలుకుంటూ ఆశాజ్యోతి తరవాతి ప్రశ్న నొక్కింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నొక్కింది.

మెరుపు గుర్తు పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. ఈసారి రాలేదు.

అమ్మ చెయ్యి జారిపోయింది. అది తెలిసీ ఆశాజ్యోతి ఎదురుగా ఉన్న ప్రశ్నని ఇంకొకసారి చదివింది. ఆ ఒక్క క్షణం ఆమెను బతికున్నన్నాళ్లూ నిద్రపోనివ్వదు. చదివి, అర్థం కాక, ఒక్క ఉదుటున కుర్చీ తోసేసి లేచింది.

రెక్కలు పట్టి బయటికి లాగితే పాపాయమ్మ పెదాలు నల్లబడి ఉన్నాయి. నోట్లోంచి కొంగు లాగేసి, వంటింట్లోకి పరుగెత్తి గొట్టం తెచ్చి నోట్లో పెట్టి నొక్కింది. "పీల్చమ్మా, పీల్చు!" అని అరిచింది. వెనక ల్యాప్‌టాప్‌లో ఆ గొంతు, సీట్లో కూర్చోమంటోంది, మీ గదిలో ఎవరని అడుగుతోంది. ఆశాజ్యోతి మళ్లీ నొక్కింది. ఊపిరి ఎక్కడో లోతులోంచి గీరుకుంటూ వచ్చింది. తల్లిని ఒళ్లో పొదువుకుని తలెత్తి చూసేసరికి పరీక్ష రద్దయిందన్న మాట తెర మీద ఎర్రగా ఉంది. ఆ వెంటనే బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. పాపాయమ్మ అటువైపు చూడలేదు.

కాస్త తెరిపిన పడగానే ఆవిడ చేసిన మొదటి పని కూతురి భుజం మీద ఒక్కటి వెయ్యడం.

"ఎందుకు లేచావే? నేనేమన్నా చచ్చిపోతానా ఏంటి?"

ఆశాజ్యోతి వెక్కివెక్కి ఏడ్చింది. పాపాయమ్మ ఆమె చేతుల్లోంచి విడిపించుకుని, మోకాళ్ల మీద బల్ల దగ్గరికి జరిగింది. చెదిరిన కొంగు సర్దుకుని తల నిండా కప్పుకుని, ల్యాప్‌టాప్‌కి రెండు చేతులూ జోడించింది.

"ఆయ్, నేనేనండి. ఈ పిల్ల తల్లినండి. వైరు పట్టుకున్నానండి, అంతేనండి. నాకు అక్షరం ముక్క రాదండి, పిల్లకి నేనేం చెప్పగలనండి? వైరు పాడుచేసింది కూడా నేనేనండి. నేను బయటికి పోతానండి, మా పిల్లని కూర్చోనివ్వండి."

ఆవిడ ఆయాసపడుతూ కూతురివైపు తిరిగింది.

"మాట్లాడరేంటే? వింటున్నారా?"

ఆ నల్లటి తెరలో పాపాయమ్మ మొహం తప్ప ఇంకేమీ లేదు. ఆశాజ్యోతి కళ్లు తుడుచుకుంది.

"వింటున్నారమ్మా," అంది.

పాపాయమ్మ గొంతు సవరించుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.